పళ్ళు కొరికేవారి నైట్ గార్డ్: తయారీ పద్ధతిని బట్టి హాయి మారుతుందా?

నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవాళ్ళకి ఆ సంగతి తమంతట తాముగా తెలిసేది తక్కువ. పక్కన పడుకున్నవాళ్ళు ఆ పటపట శబ్దానికి లేచి చెప్పాలి. లేదంటే పొద్దున లేచేసరికి దవడలు పట్టేసి, కణతలు బరువుగా ఉండి అనుమానం రావాలి. డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే కోరపళ్ళ మొనలు అరిగి చదునుగా అయిపోవడం చూసి 'నైట్ గార్డ్ పెట్టుకోండి' అంటారు, అంటే రాత్రి పళ్ళకి తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగు. అసలు తికమక అక్కడే మొదలవుతుంది. ఒక క్లినిక్‌లో మెత్తటి ప్లాస్టిక్‌ది అప్పటికప్పుడు చేసిస్తామంటారు. ఇంకోచోట యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, వారం పడుతుందంటారు. మరోచోట నోట్లో స్కానర్ తిప్పి, కంప్యూటర్ తెర మీద పళ్ళు చూపించి, మిల్లింగ్ చేస్తామనో (అంటే ప్లాస్టిక్ బిళ్ళను మిషన్‌తో చెక్కుతామనో) త్రీడీ ప్రింట్ తీస్తామనో చెబుతారు. ధరల్లో రెట్టింపుకి మించిన తేడా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం అన్నీ పారదర్శకంగా, ఒకే వంపుతో కనిపిస్తాయి.

తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళలో ఈ ఎంపిక ఇంకాస్త చిక్కు. క్లినిక్ ఇక్కడే ఉంటుంది, నైట్ గార్డ్ తయారుచేసే ల్యాబ్ చెన్నైలోనో బెంగళూరులోనో ఉండొచ్చు. సరిగ్గా కుదరకపోతే మళ్ళీ పంపాలి, మళ్ళీ ఎదురుచూడాలి. అందుకే ఏ పద్ధతిలో ఏ లోపం వస్తుందో, దాన్ని ఎక్కడ సరిచేయొచ్చో ముందే తెలిసి ఉండటం మంచిది. నోట్లో హాయిగా ఉండటం ఒకటి, దవడకు విశ్రాంతి ఇవ్వడం ఇంకొకటి. ఈ రెంటినీ ఒకటిగా చూసి ఎంచుకోవడం వల్ల ఎన్నో నైట్ గార్డులు నాలుగు రోజుల వాడకం తర్వాత డబ్బాలోనే ఉండిపోతున్నాయి.

నైట్ గార్డ్ ఏం చేస్తుంది, ఏం చేయదు

పళ్ళు కొరకడాన్ని వైద్యులు బ్రక్సిజం అంటారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం దీన్ని రెండుగా విడదీసింది: నిద్రలో జరిగేది, మెలకువలో జరిగేది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇది జబ్బు కాదని, దవడ కండరాల కదలిక మాత్రమేనని, పళ్ళకో కీళ్ళకో హాని చేసే స్థాయికి చేరినప్పుడు పట్టించుకోవాలని ఆ పత్రం సారాంశం. మన ఇళ్ళలో పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని మందు పోస్తారు. నులిపురుగుల మందు వేరే కారణాలకు అవసరం కావచ్చు గానీ, పళ్ళు కొరకడానికి అవే కారణమని తేల్చే గట్టి ఆధారం లేదు. పెద్దవాళ్ళలో టెన్షన్, సరిగా లేని నిద్ర, కాఫీ, సిగరెట్, మద్యం, డిప్రెషన్‌కి వాడే కొన్ని రకాల మందులు దీనితో ముడిపడి కనిపిస్తాయి.

నైట్ గార్డ్ ఈ కారణాల్లో ఒక్కదాన్నీ తీసేయదు. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య అడ్డుగా నిలిచి, పన్ను అరగాల్సిన చోట తాను అరుగుతుంది. ఒకే పంటి మీద పడే బరువును వరుసంతా పంచుతుంది. దవడ నొప్పి తగ్గిస్తుందా అన్న విషయంలో ఆధారాలు అంత బలంగా లేవు. బ్రిటన్‌లో 2020లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ జల్లెడ పట్టి, నొప్పి తగ్గుతుందని చెప్పడానికి తగినంత నాణ్యమైన ఆధారం లేదని తేల్చింది. నొప్పి తగ్గినవాళ్ళు లేరని దీని అర్థం కాదు, ఎవరికి తగ్గుతుందో ముందే చెప్పలేమని అర్థం. పళ్ళను కాపాడటం దీని మొదటి పని. ఆ పని జరగాలంటే ప్రతి రాత్రీ నోట్లో ఉండాలి, ఉండాలంటే ఇబ్బంది పెట్టకూడదు. హాయి గురించి ఇంత చర్చ అందుకే.

మెత్తగా ఉంటే మేలనుకుంటే

చేత్తో వంచి చూస్తే మెత్తటిదే ఎవరికైనా నచ్చుతుంది. ఈవీఏ అనే రబ్బరు లాంటి ప్లాస్టిక్‌తో చేసినది చిగుళ్ళకు గుచ్చుకోదు, పెట్టుకున్న మొదటి రాత్రే అలవాటైపోతుంది. చిక్కు దవడ దగ్గర వస్తుంది. కండరం నిద్రలో కూడా పళ్ళ మధ్య ఏముందో గ్రహిస్తూనే ఉంటుంది. మెత్తటి వస్తువు దొరికితే కొందరిలో నమలాలనే ధోరణి పెరుగుతుంది. 1987లో అమెరికాలో పదిమంది మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో గట్టి నైట్ గార్డ్ పెట్టుకున్నప్పుడు ఎనిమిది మందిలో రాత్రిపూట దవడ కండరాల పని తగ్గింది. అదే మనుషులు మెత్తటిది పెట్టుకున్నప్పుడు అయిదుగురిలో పెరిగింది, ఒక్కరిలోనే తగ్గింది. పదిమందితో తీర్పు చెప్పేయడం కుదరదు. మెత్తటిది అందరికీ హాని చేస్తుందని ఆ తర్వాతి అధ్యయనాలేవీ రుజువు చేయలేదు కూడా. అయినా గట్టిగా బిగబట్టే అలవాటున్నవాళ్ళకి మెత్తటిది ఇవ్వడానికి చాలామంది డాక్టర్లు వెనకాడేది ఇందుకే.

దీనికి తోడు ఇంకో లోపం ఉంది, దాని గురించి పేషెంట్లకి ఎవరూ చెప్పరు. మెత్తటి ప్లాస్టిక్‌ని డ్రిల్లుతో సన్నగా చెక్కడం కుదరదు. డ్రిల్లు మొన (బర్) తగలగానే పీచులు పీచులుగా లేస్తుంది. అంటే కొరికినప్పుడు ఒకవైపు ముందుగా తగులుతుంటే ఆ ఎత్తును వెంట్రుక మందాన తగ్గించి సరిచేసే వీలు ఉండదు. గట్టి యాక్రిలిక్‌కి ఉన్న అసలు బలం ఇదే, దాన్ని ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా చెక్కి పాలిష్ చేయొచ్చు. లోపల మెత్తటి పొర, బయట గట్టి పొర ఉండే రెండు పొరల షీట్లు మధ్యేమార్గం. పళ్ళకు ఒత్తుకోదు, పైభాగాన్ని చెక్కొచ్చు. కొన్నాళ్ళకి రెండు పొరల మధ్య లాలాజలం చేరి మసకబారడం, విడిపోవడం వీటికున్న బలహీనత.

కొలత దగ్గరే సగం తేలిపోతుంది

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు పళ్ళ కొలత తీయాలి. పాత పద్ధతిలో ఆల్జినేట్ అనే పొడిని నీళ్ళతో కలిపి, ట్రేలో నింపి, నోట్లో పెట్టి పట్టుకుంటారు. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే ఆల్జినేట్ అంత తొందరగా గట్టిపడుతుంది. మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో మేడ మీది ట్యాంకు నీళ్ళతో కలిపితే ట్రే నోట్లోకి వెళ్ళేలోపే బిగుసుకోవడం మొదలవుతుంది. అనుభవమున్న అసిస్టెంట్లు ఫ్రిజ్ నీళ్ళు వాడతారు. కొలత బయటికి తీశాక కూడా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆల్జినేట్‌లో ఎక్కువ భాగం నీరే. గాలికి వదిలేస్తే ఆరి కుంచించుకుపోతుంది, నీళ్ళలో ముంచి పెడితే ఉబ్బుతుంది. పది పదిహేను నిమిషాల్లో స్టోన్ అనే గట్టి ప్లాస్టర్ పోసి పళ్ళ మోడల్ తీయాలి. అలా కాకుండా కొలతను తడి దూదిలో చుట్టి కవర్లో పెట్టి సాయంత్రం ల్యాబ్ బాయ్ వచ్చేదాకా ఉంచితే, ఆ తర్వాత ఎంత మంచి ల్యాబ్ చేసినా ఆ నైట్ గార్డ్ బిగుతుగానో వదులుగానో వస్తుంది. పేషెంటు 'ల్యాబ్ బాగాలేదు' అనుకుంటారు. తప్పు క్లినిక్ బల్ల మీదే జరిగిపోయి ఉంటుంది.

స్కానర్ ఈ బెడదను తీసేస్తుంది. డోకు వచ్చేవాళ్ళకి ఇదొక పెద్ద ఊరట. ట్రే నిండా ముద్ద గొంతు దాకా జారుతుందన్న భయం ఉండదు, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు. నోట్లో తీసిన వేల బొమ్మల్ని కంప్యూటర్ ఒకదానికొకటి అతికిస్తూ పోతుంది కాబట్టి ఒక చివరి దంతం నుంచి రెండో చివరి దంతం దాకా వెళ్ళేసరికి చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. ఆ పోగైన తేడా సాధారణంగా మి.మీ.లో పదో వంతు అటూఇటూ ఉంటుంది. నైట్ గార్డుకి అది పెద్ద అడ్డంకి కాదు.

స్కానర్ ఉన్నా లేకపోయినా బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, ఎలా తీస్తారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పళ్ళు పూర్తిగా మూసుకున్న స్థితిలో బైట్ స్కాన్ చేసి, 'కంప్యూటర్‌లో రెండు మి.మీ. తెరుద్దాం' అనుకుంటే, ఆ మనిషి దవడ కీలు ఎక్కడ తిరుగుతుందో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అది సగటు లెక్కతో తెరుస్తుంది. దవడ తలుపు రెక్కలా కీలు చుట్టూ తిరుగుతుంది, అందువల్ల ముందు పళ్ళ దగ్గర 3 మి.మీ. తెరుచుకుంటే వెనక దంతాల దగ్గర సుమారు 1 మి.మీ. మాత్రమే తెరుచుకుంటుంది. సగటు లెక్క ఏ కొంచెం తప్పినా నైట్ గార్డ్ వెనక దంతాల దగ్గర ముందుగా తగులుతుంది. అదే, నైట్ గార్డ్ ఎంత మందం ఉండాలో అంత ఎత్తులో నోటిని ఆపి బైట్ తీస్తే ఈ తప్పుకి చోటుండదు. అయిదు నిమిషాలు ఎక్కువ పట్టే పని ఇది. లక్షల ఖరీదు చేసే మిషన్ కన్నా ఈ అయిదు నిమిషాలే పేషెంటుకి ఎక్కువ హాయినిస్తాయి.

వేడినీళ్ళ నుంచి ప్రింటర్ దాకా

ఆన్‌లైన్‌లో దొరికే వేడినీళ్ళలో ముంచి కొరికే రకం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఎవరి నోటికైనా సరిపోయేలా చేసింది కాబట్టి లావుగా ఉంటుంది, కొరికిన చోట పలచబడుతుంది, బైట్ ఎలా వస్తే అలా ఉండిపోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళేదాకా నాలుగు రోజులు గడపడానికి తప్ప నెలల తరబడి వాడటానికి పనికిరాదు.

క్లినిక్‌లో అప్పటికప్పుడు చేసేది వ్యాక్యూమ్ షీటు పద్ధతి. మోడల్ మీద ప్లాస్టిక్ షీటును వేడిచేసి, అది కిందికి వేలాడగానే మోడల్ మీదకి దించి గాలి లాగేస్తారు. పైనుంచి గాలి ఒత్తిడితో అదిమే ప్రెషర్ మిషన్లు కూడా ఉన్నాయి, అవి షీటును ఇంకా గట్టిగా అంటుకునేలా చేస్తాయి. ఇందులో ఇబ్బంది ఒకటే. ఓళిగ తట్టేటప్పుడు పూర్ణం ఉబ్బిన చోట పిండి పలచబడినట్టు, షీటు పంటి మొనల మీద సాగి పలచనవుతుంది. 2 మి.మీ. షీటు వేస్తే మొన దగ్గర అంతకన్నా చాలా తక్కువే మిగులుతుంది. ఎక్కువ అరిగేది ఆ మొన దగ్గరే. పైగా షీటు అన్నిచోట్లా పంటి ఆకారాన్నే అనుసరిస్తుంది కాబట్టి పైభాగం చదునుగా రాదు. ఎదుటి పళ్ళు గుంటల్లో ఇరుక్కుంటాయి, దవడ స్వేచ్ఛగా జారలేదు. ఈ లోపం తెలిసిన డాక్టర్లు గట్టి షీటు వేసి, దాని మీద కోల్డ్ క్యూర్ (వేడి చేయకుండానే గట్టిపడే) యాక్రిలిక్ పలచగా పోసి, బైట్ సరిచేస్తారు. కొంచెం చెయ్యి తిరిగినవాళ్ళు చేస్తే ఈ కలగలుపు పద్ధతి తక్కువ ఖర్చులో చాలా మంచి ఫలితం ఇస్తుంది. దీనికి దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదు.

హీట్ క్యూర్ (వేడితో గట్టిపరిచే) యాక్రిలిక్ దశాబ్దాలుగా నిలిచిన పద్ధతి. కట్టుడు పళ్ళ సెట్లు చేసేది కూడా ఇలాగే. 1930ల చివర్లో దంత వైద్యంలోకి వచ్చిన ఈ యాక్రిలిక్ ఇప్పటికీ అదే పేరుతో, దాదాపు అదే రూపంలో నడుస్తోంది. తిరుపతిలో రేణిగుంట రోడ్డులో ఉన్న దంత వైద్య కళాశాల విద్యార్థులైనా, దేశంలో ఇంకెక్కడి బీడీఎస్ విద్యార్థులైనా మొదట చేత్తో నేర్చుకునే పనుల్లో ఇదొకటి. ముందు మోడల్ మీద మైనంతో నైట్ గార్డ్ ఆకారం కడతారు. దాన్ని ఇత్తడి ఫ్లాస్కులో ప్లాస్టర్ మధ్య పెట్టి, ప్లాస్టర్ గట్టిపడ్డాక వేడినీళ్ళతో మైనాన్ని కరిగించి పారబోస్తారు. మిగిలిన ఖాళీలోకి యాక్రిలిక్ పొడి, ద్రవం కలిపిన ముద్దను నింపి, ప్రెస్సులో బిగిస్తారు. ముద్ద ఎప్పుడు నింపాలన్నది చేతి అంచనా. వేలికి తీగలుగా సాగుతూ అంటుకుంటే ఇంకా టైముంది, వేలు తీస్తే శుభ్రంగా వదిలేస్తే సమయం వచ్చినట్టు. ఆ తర్వాత ఫ్లాస్కును నీటి తొట్టెలో పెట్టి 74 డిగ్రీల దగ్గర 8 గంటలకు పైగా ఉంచుతారు, లేదా 74 డిగ్రీల్లో 2 గంటలు ఉంచి తర్వాత మరిగే నీళ్ళలో ఒక గంట ఉంచుతారు. తొందరపడి మొదటే మరిగించేస్తే లోపలి ద్రవం ఆవిరై బుడగలు వస్తాయి, ఎందుకంటే అది మరిగేది కూడా సుమారు 100 డిగ్రీల దగ్గరే. చల్లార్చడంలో తొందరపడ్డా వంపు తిరుగుతుంది.

ఇంత జాగ్రత్త పడినా యాక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది. ద్రవం ఒక్కటే గట్టిపడితే ఘనపరిమాణంలో 21 శాతం దాకా తగ్గుతుంది. మూడు పాళ్ళు పొడి, ఒక పాలు ద్రవం కలపడం వల్ల అది సుమారు 7 శాతానికి దిగుతుంది. ఆ తగ్గుదలంతా పొడవులో కనిపించదు గానీ, ఒక దవడ చివరి నుంచి రెండో చివరికి వెళ్ళేసరికి బిగుతుగా తెలిసేంత మిగులుతుంది. అందుకే హీట్ క్యూర్ నైట్ గార్డ్ ఇచ్చే రోజు డాక్టర్ లోపలి వైపు చెక్కడానికి చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. కోల్డ్ క్యూర్‌లో మోడల్ మీద పొడి చల్లుతూ ద్రవం చుక్కలుగా వేస్తూ కడతారు, పని తొందరగా అవుతుంది. దానిలో గట్టిపడకుండా మిగిలే ద్రవం ఎక్కువ. కట్టుడు పళ్ళ యాక్రిలిక్‌కి వర్తించే ఐఎస్‌ఓ ప్రమాణం హీట్ క్యూర్‌లో మిగిలే ద్రవానికి 2.2 శాతం, కోల్డ్ క్యూర్‌లో 4.5 శాతం గరిష్ఠ పరిమితి పెట్టింది. కొత్త నైట్ గార్డ్ నోట్లో పెట్టుకోగానే వచ్చే ఘాటు వాసన, కొందరికి నాలుక మంట, ఈ మిగిలిన ద్రవం వల్లే. ఇచ్చే ముందు ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెడితే చాలావరకు పోతుంది.

మిల్లింగ్ ఈ కుంచించుకుపోయే గొడవని ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి తరలించింది. వేడి, ఒత్తిడి రెండూ అదుపులో ఉంచి ముందే గట్టిపరిచిన సుమారు 98 మి.మీ. వెడల్పు యాక్రిలిక్ బిళ్ళ వస్తుంది. కంప్యూటర్ చెప్పినట్టు మిషన్ దాన్ని చెక్కుతుంది. కుంచించుకోవాల్సింది ముందే కుంచించుకుపోయింది కాబట్టి చెక్కిన కొలతే నోట్లోకి వస్తుంది. మిగిలే ద్రవం తక్కువ, బుడగలు దాదాపు ఉండవు, గట్టిదనం ఎక్కువ. గట్టిగా కొరికేవాళ్ళకి, యాక్రిలిక్ పడనివాళ్ళకి ఇవి నిజమైన లాభాలు. నష్టం ఏమిటంటే బిళ్ళలో ఎక్కువ భాగం పొడిగా రాలిపోతుంది, మిషన్ ఖరీదు ఎక్కువ, అందుకే ధర కూడా ఎక్కువ. ఇంకో చిన్న సంగతి: చెక్కే బర్ మొన గుండ్రంగా ఉంటుంది కాబట్టి వంకర పళ్ళ మధ్య సందుల్లాంటి సన్నటి మూలల్లోకి అది దిగలేదు. అక్కడ సాఫ్ట్‌వేర్ కొంచెం ఎక్కువ ఖాళీ వదిలేస్తుంది, ఆ మేరకు పట్టు తగ్గుతుంది.

త్రీడీ ప్రింటింగ్ దీనికి తిరగేసిన పని. కాంతి తగిలితే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం (రెసిన్) మీద 385 లేదా 405 నానోమీటర్ల కాంతి పడేలా చేసి పొర మీద పొర గట్టిపరుస్తారు. ఒక్కో పొర 0.05 నుంచి 0.1 మి.మీ. మందం. నైట్ గార్డును నిలువుగా నిలబెట్టి 50 మి.మీ. ఎత్తుకి 0.1 మి.మీ. పొరలతో ప్రింట్ తీస్తే 500 పొరలు. వృథా తక్కువ, ఒకే ప్లేటు మీద నాలుగైదు తీయొచ్చు, సందులూ మూలలూ అన్నీ వస్తాయి. అయితే ప్రింటర్ ఆగిన చోట పని అయిపోదు, నిజానికి హాయిని నిర్ణయించే భాగం అప్పుడే మొదలవుతుంది. బయటికి వచ్చిన ముక్క మీద గట్టిపడని రెసిన్ జిడ్డుగా ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, బాగా ఆరనిచ్చి, క్యూరింగ్ పెట్టెలో కంపెనీ చెప్పినంతసేపు కాంతిలో ఉంచాలి. గాలిలోని ఆక్సిజన్ పైపొరను గట్టిపడనివ్వదు, అందుకే కొన్ని రెసిన్లను నైట్రోజన్‌లోనో గ్లిజరిన్‌లో ముంచో క్యూర్ చేయమంటారు. వాడి వాడి మురికైన ఆల్కహాల్‌లో కడిగినా, క్యూరింగ్ సగంలో ఆపినా ఆ ముక్క చూడ్డానికి బాగానే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే జిగట తగులుతుంది, నోట్లో చేదుగా ఉంటుంది, నెల తిరిగేసరికి పసుపెక్కుతుంది. సరిగ్గా చేసినదాంట్లో ఇవేమీ ఉండవు. మొత్తంగా చూస్తే ప్రింట్ తీసినవి మిల్లింగ్‌వాటి కన్నా తొందరగా అరుగుతాయన్నది ఇప్పటిదాకా ల్యాబ్ పరీక్షల్లో ఎక్కువగా కనిపించిన ధోరణి, రెసిన్లు మాత్రం ఏటేటా మెరుగవుతున్నాయి. గోరువెచ్చని నీళ్ళలో పెడితే కాస్త వంగి, నోట్లో సులువుగా ఎక్కే రెసిన్లు కూడా వచ్చాయి. బిగుతుగా ఉందని తీసి పక్కన పెట్టేసేవాళ్ళకి ఇవి బాగా నచ్చుతున్నాయి.

నాలుకకి తెలిసేది, దవడకి తెలిసేది

నోరు మిషన్ పేరు అడగదు. దానికి తెలిసేవి నాలుగైదు విషయాలే. నాలుక వైపు అంచు ఎక్కడ ఆగింది, మందం ఎంత, పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ ఎంత లాగుతోంది, వాసన ఉందా, కొరికితే రెండు వైపులా ఒకేసారి తగులుతోందా. మొదటి మూడూ డిజిటల్ పద్ధతిలో డిజైన్ చేసే మనిషి కంప్యూటర్‌లో ఇచ్చే అంకెలు. పంటి ఉబ్బు కిందికి అంచు ఎంత దిగాలి, పంటికీ ప్లాస్టిక్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి అన్నవి ఒకసారి సరిగ్గా కుదిరితే ప్రతిసారీ అదే వస్తుంది. చేతి పనిలో అది టెక్నీషియన్ నైపుణ్యం. ఇరవై ఏళ్ళు చేసిన మనిషి చేతిలో అద్భుతంగా వస్తుంది, ఆయన సెలవు పెట్టిన వారం ఇంకోలా వస్తుంది. డిజిటల్ పద్ధతి ఇచ్చే ప్రధానమైన లాభం ఈ నిలకడే. మొదటి రోజు చెక్కాల్సిన పని తగ్గడం, కుర్చీలో కూర్చునే సమయం తగ్గడం దాని ఫలితాలు. నెల వాడాక పేషెంట్లని అడిగితే, బాగా సర్దుబాటు చేసిన పాత పద్ధతిదానికీ కొత్త పద్ధతిదానికీ హాయిలో పెద్ద తేడా చెప్పలేకపోవడం మామూలే.

అయిదోదైన బైట్ మాత్రం ఏ పద్ధతిలోనూ మిషన్ నుంచి పూర్తిగా సిద్ధమై రాదు. డాక్టర్ నీలం కాగితం పెట్టి 'టక్ టక్‌మని కొరకండి, ఇప్పుడు కుడివైపుకి జరపండి, ఎడమవైపుకి' అంటారు. ప్లాస్టిక్ మీద పడిన నీలం చుక్కలు చూసి, ముదురుగా ఉన్నవాటిని చెక్కుతారు. మళ్ళీ కాగితం, మళ్ళీ చెక్కడం. చివరికి అన్ని వెనక దంతాల దగ్గరా ఒకే రంగు చుక్కలు, దవడ పక్కకి జరిపితే కోరపన్ను దగ్గర మాత్రమే ఒక సన్నటి గీత మిగలాలి. వెనక్కి వాలి పడుకుంటే దవడ కొంచెం వెనక్కి జారుతుంది కాబట్టి కుర్చీని పడుకోబెట్టి కూడా ఒకసారి చూడాలి, వాడేది పడుకునే కదా. ఈ పని పావుగంట నుంచి అరగంట పడుతుంది. 'డిజిటల్‌ది కాబట్టి సర్దుబాటు అక్కర్లేదు' అని చేతిలో పెట్టి పంపేస్తే, ఎంత ఖరీదైనదైనా ఒకే దంతం మీద బరువంతా పడి, పొద్దున ఆ పన్ను సలుపుతుంది. పది రోజుల తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్ళీ చూపించుకోమనేది కూడా ఇందుకే. కండరాలు వదులయ్యేకొద్దీ దవడ కూర్చునే చోటు కొద్దిగా మారుతుంది, చుక్కలూ మారతాయి.

కొత్తలో ఒకటి రెండు వారాలు లాలాజలం ఎక్కువగా ఊరడం, మాట కాస్త ముద్దగా రావడం, పొద్దున తీసేశాక పళ్ళు కొద్ది నిమిషాలు కొత్తగా అనిపించడం సహజం. అరగంట దాటినా కొరుకు కుదరకపోయినా, ఒకే పన్ను రోజూ నొప్పిపెట్టినా అది అలవాటు కావాల్సిన విషయం కాదు, వెంటనే చూపించుకోవాల్సిన విషయం. ముందు పళ్ళకే పెట్టే పొట్టి రకాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నెలల తరబడి వాడితే ప్లాస్టిక్ తగలని వెనక దంతాలు పైకి జరిగి, ముందు పళ్ళ మధ్య సందు శాశ్వతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. వరుసలోని పళ్ళన్నిటినీ కప్పేదే వాడటం క్షేమం.

తిరుపతి, చిత్తూరు వాళ్ళు ఎంచుకునేటప్పుడు

తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణమే, అందుకే పెద్ద జబ్బు వస్తే అక్కడి సీఎంసీ ఆసుపత్రికి బయల్దేరినట్టు దవడ నొప్పికి కూడా అక్కడికి వెళ్ళేవాళ్ళున్నారు. రోగ నిర్ధారణకి వెళ్ళడంలో తప్పు లేదు. నైట్ గార్డ్ మాత్రం ఇచ్చిన రోజుతో ముగిసే వైద్యం కాదు, నాలుగైదు సార్లు తిరగాలి. బస్సెక్కి వెళ్ళాల్సి వస్తే రెండోసారికే 'బానే ఉందిలే' అనిపిస్తుంది, మూడోసారి వెళ్ళరు. దూరంలో ఉన్న మిల్లింగ్ నైట్ గార్డ్ కన్నా, ఫోన్ చేసి సాయంత్రం వెళ్ళగలిగిన వీధిలో డాక్టర్ శ్రద్ధగా సర్దుబాటు చేసే హీట్ క్యూర్ మేలు. డిజిటల్ పద్ధతి ఇక్కడ ఇంకోలా పనికొస్తుంది. మోడల్ పార్శిల్‌లో పగలడం ఉండదు, ఫైలు క్షణాల్లో బెంగళూరు చేరుతుంది, నైట్ గార్డ్ పోగొట్టుకున్నా విరిగినా అదే ఫైలుతో మళ్ళీ తీయించొచ్చు. ఎప్పుడూ ప్రయాణాల్లో ఉండే డ్రైవర్లకి, హాస్టల్ మారే విద్యార్థులకి ఇది చిన్న సౌకర్యం కాదు. స్కాన్ చేయించుకున్నప్పుడు ఆ ఫైలు క్లినిక్ దగ్గర భద్రంగా ఉంటుందా అని అడగడం మర్చిపోకూడదు.

గట్టిగా కొరికి ఇంతకుముందే రెండు నైట్ గార్డులు విరగ్గొట్టినవాళ్ళు మిల్లింగ్‌కి డబ్బు పెట్టడం సబబు. మొదటిసారి పెట్టుకుని అలవాటవుతుందో లేదో తెలియనివాళ్ళకి ప్రింట్ తీసినదో, గట్టి షీటు మీద యాక్రిలిక్ పోసినదో చాలు. విరిగితే అతికించే విషయంలో పాత యాక్రిలిక్‌దే పైచేయి. కోల్డ్ క్యూర్‌తో ఊళ్ళోనే గంటలో అతికిస్తారు, మిల్లింగ్‌ది కూడా అదే జాతి పదార్థం కాబట్టి అతుకుతుంది, ప్రింట్ రెసిన్లన్నిటికీ అది అతకదు. పెద్దగా గురక పెట్టేవాళ్ళు, పగలంతా నిద్ర తూగేవాళ్ళు ఏ నైట్ గార్డ్ చేయించుకునే ముందైనా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. పై పళ్ళకి పెట్టే మామూలు నైట్ గార్డ్ కొందరిలో ఆ సమస్యను పెంచిన దాఖలా ఉంది. పళ్ళు ఊడి కొత్తవి వస్తున్న వయసు పిల్లలకి గట్టి నైట్ గార్డ్ దవడ ఎదుగుదలకి అడ్డం రావచ్చు కాబట్టి తొందరపడకూడదు.

వాడకంలో ఈ ఊళ్ళ ఎండని గుర్తుంచుకోవాలి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన నైట్ గార్డ్, అందులోనూ షీటు రకం, మధ్యాహ్నానికి వంకర తిరుగుతుంది. శుభ్రం అవుతుందని మరిగే నీళ్ళు పోయడం కూడా అంతే. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు చాలు. టూత్‌పేస్టులోని గరుకుదనం గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాచి చేరుతుంది. యాక్రిలిక్‌ది పగలు శుభ్రమైన నీళ్ళలో ఉంచాలి, ఎండితే కొలత కొద్దిగా మారుతుంది. పంటికి కొత్తగా సిమెంట్ వేయించుకున్నా, క్యాప్ పెట్టించుకున్నా పాత నైట్ గార్డ్ ఆ చోట కూర్చోదు. అందుకే ఏ పని మీద డెంటిస్ట్ దగ్గరికి వెళ్తున్నా దాన్ని డబ్బాతో సహా వెంట తీసుకెళ్ళాలి, కొత్త క్యాప్ అతికించిన రోజే లోపల చెక్కించుకోవచ్చు, కుదరకపోతే కొత్త కొలత అప్పుడే ఇచ్చి రావచ్చు.